కరగడంలో రెండు రకాలు

మా ఇంటికి గేటు పెట్టించాలన్న ఆలోచన నాది కాదు. మా వీధిలో తిరిగే రెండు గేదెలది. నేను కాలేజికి వెళ్ళిన సమయం కనిపెట్టి అవి లోపలికి వచ్చి, మా ఆవిడ పెంచుకుంటున్న తోటకూర మడిని మూడుసార్లు మొదలంటా మేసిపోయాయి. మొదటి రెండుసార్లూ ఆవిడ నన్ను నాలుగు మాటలన్నది. మూడోసారి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమంటే ఏమిటో పెళ్ళయిన పాఠకులకు నేను వివరించనక్కరలేదు. ఆ సాయంత్రమే వెల్డింగు దుకాణానికి బయలుదేరాను.

సుల్తానాబాదులో వెల్డింగు దుకాణాలకు కరువు లేదు. రాజీవ్ రహదారి వెంట బియ్యపు మిల్లులు బారులు తీరి ఉంటాయి. మిల్లు ఉన్నచోట ఎలివేటర్లుంటాయి, బాయిలర్లుంటాయి, వాటికి చిల్లులుంటాయి. పొలాల్లో దున్నే ట్రాక్టర్లకు కేజీవీల్సు విరుగుతాయి. వరికోత యంత్రాలు సరిగ్గా కోతల ముందే పాడవుతాయి. ఇవన్నీ అతికేవాడు ఒకడు కావాలి గదా! ఒకప్పుడు కరీంనగరం జిల్లాలో తాలూకా కేంద్రమై, 2016 నుంచి పెద్దపల్లి జిల్లాలో చేరిన మా ఊళ్ళో సాయంత్రంపూట నడిచివెళితే, దీపావళికి సంబంధం లేకుండానే నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి.

నేను వెళ్ళిన దుకాణం నా పూర్వ విద్యార్థిది. పదేళ్ళ కిందట నా దగ్గర ఇంటర్మీడియట్ చదివాడు. సంధి సూత్రాలు ఒక్కటీ అతనికి ఒంటబట్టలేదు. ఇప్పుడు అతను చేసే సంధులు మాత్రం ఏ వానకూ ఏ ఎండకూ ఊడవు. గురువును చూడగానే కుర్చీ తుడిచి వేశాడు.

“నల్లపైపు పెడదాం సార్, మంచిగ రంగేసుకుందాం. జి.ఐ. పైపైతే పొగ బాగొస్తది,” అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. తుప్పు పట్టకూడదు, పదేళ్ళపాటు మళ్ళీ ఆ గేటు మాట మా ఇంట్లో వినపడకూడదు. జి.ఐ. పైపే కావాలని పట్టుపట్టాను. జి.ఐ. అంటే జింకు పూత పూసిన ఇనుమని తెలుసు. పొగ అన్నమాట విన్నానుగాని, అది ఎవరు పీల్చే పొగో ఆలోచించలేదు.

పని మొదలుపెట్టిన రోజున వాన పట్టుకుంది. అతనూ, అతని తమ్ముడూ మా వాకిట్లో తడుస్తుంటే చూడలేక, “పక్క కొట్టుగదిలోకి రండి. తలుపు దగ్గరగా వేసుకుంటే జల్లు కొట్టదు,” అన్నాను. దయతోనే అన్నాను. ఆ గదికి ఒక తలుపూ, జానెడు కిటికీ ఉన్నాయి. మధ్యాహ్నమంతా అందులోంచి తెల్లని పొగ వస్తూనే ఉంది. జిల్లేడు దూదిలాంటి తెల్లని పీచులు గాలిలో తేలి, అతని జుట్టుమీద వాలాయి. మూతికి రుమాలు కట్టుకున్నాడు. తమ్ముడికి అదీ లేదు.

సాయంకాలానికి ఒక రెక్క తయారైంది. మా ఆవిడ టీ ఇచ్చింది. అతను ఒక గుక్క తాగి, “అమ్మా, చక్కెర జర ఎక్కువైంది,” అన్నాడు. ఆవిడ నా మొహం చూసింది. పొరపాటున నాకోసం పెట్టిన టీ అతనికిచ్చింది. నాకు చక్కెర జబ్బు. ఆ టీలో పలుకు చక్కెర కూడా లేదు. మేమిద్దరం నవ్వుకున్నాం. నవ్వవలసిన విషయం కాదని మర్నాడుగాని తెలియలేదు.

మర్నాడు అతను రాలేదు. తమ్ముడు వచ్చి, రాత్రి పదిగంటలకు అన్నకు ఒకటే చలి పట్టుకుందనీ, రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదనీ, ఒళ్ళు కాలిపోయిందనీ చెప్పాడు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకువెళితే మలేరియాకూ డెంగీకీ రక్తం తీశారట. రెండూ లేవని తేలింది. ఆ మరునాటికి అతనే వచ్చి మా వాకిట్లో నిలబడ్డాడు.

“కడిగినట్టు పోయింది సార్. మీరేం రంది పడకుండ్రి. ఇది మాకు అలవాటే. రెండు రోజులు పెండ్లికో దేనికో పోయి, వచ్చి మళ్ళ జి.ఐ. పని పట్టుకుంటే ఈ జరం వస్తది. రోజూ చేస్తే రాదు,” అన్నాడు.

లోపలినుంచి మా అమ్మ కేక వేసింది: “బెల్లం తినుమనురా ఆ పోరణ్ణి! పాలు తాగుమను!”

“మరి ఆ పొగంతా లోపల ఏమవుతుందోయ్?” అని అడిగాను.

“ఏమైతది సార్! రాళ్ళు తిన్నా అరిగే వయసు,” అని నవ్వాడు.

తిన్న రాళ్ళు అరిగితే అరగవచ్చు. పీల్చిన ఇనుము ఏమవుతుంది? ఈ ప్రశ్న నన్ను వారంరోజులు వదలలేదు. మా కాలేజి రసాయనశాస్త్రం లెక్చరరును కూర్చోబెట్టి అడిగాను. కనిపించినవన్నీ చదివాను. చదివినకొద్దీ నాలోని తెలుగు మేష్టారు కూడా మేలుకున్నాడు. ఎందుకంటే, మన భాషలో కరగడమని ఒకే మాట ఉంది. వెన్న సెగకు కరుగుతుంది, ఉప్పు నీళ్ళకు కరుగుతుంది. ఇంగ్లీషువారు ఈ రెండింటికీ రెండు మాటలు పెట్టుకున్నారు. మనకు ఒకటే సరిపోయింది. వెల్డింగు దగ్గర లోహం నిజంగా ఈ రెండు కరగడాలూ కరుగుతుంది. మొదట నిప్పులో, తరవాత మనిషిలో.

మొదటి కరగడం సంగతి చూద్దాం. కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబడి మెత్తబడుతుంది, అంతే. ఒకప్పుడు నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో ఉక్కు కరిగించి దూరదేశాలకు పంపేవారు. ఆ మూసలో ఉక్కు ద్రవమైందేగాని ఆవిరి కాలేదు. ఇనుము కరగడానికి 1,538 డిగ్రీల వేడి కావాలి. మరిగి ఆవిరి కావడానికి 2,862 డిగ్రీలు కావాలి. వెల్డింగు మెరుపులో వేడి 5,000 డిగ్రీల పైమాటే. అంచేత అక్కడ కొంత లోహం నీళ్ళలా మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లగాలి తగలగానే ప్రాణవాయువుతో కలిసి, కంటికి కనపడనంత సన్నని పొడిగా గడ్డకడుతుంది. మనం పొగ అంటున్నది ఈ పొడినే. మామూలు ఇనుప పనిలో ఇందులో అధికభాగం కరిగే కడ్డీలోంచి వస్తుంది. జింకు పూత ఉన్న పైపయితే పూత కూడా తోడవుతుంది. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, అంటే ఇనుము ఇంకా కరగనన్నా కరగకముందే అది పొగై లేచిపోతుంది. మా కొట్టుగదిలో తేలిన జిల్లేడు దూది అదే.

ఈ పొడి ఎంత సన్నన? మీటరులో పదిలక్షలవ వంతును మైక్రోమీటరు అంటారు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు. వెల్డింగు పొగలో చాలా రేణువులు ఒక మైక్రోమీటరుకన్నా చిన్నవి. ముక్కులో వెంట్రుకలకు గాని, గొంతులో జిగురుకు గాని అవి పూర్తిగా చిక్కవు. కొన్ని ఊపిరితోనే బయటికి పోతాయి. కొన్ని జిగురుకు అంటుకుని గొంతులోకి వచ్చి మింగుడుపడతాయి. తక్కినవి నేరుగా ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి తిత్తులలోకి చేరి కూర్చుంటాయి.

సన్నదనం గొప్ప విషయమని మన పూర్వవైద్యులు గ్రహించారు. లోహభస్మం సిద్ధమైందో లేదో చూడడానికి వారికి పరీక్షలుండేవి. వేళ్ళ మధ్య రుద్దితే చర్మం గీతల్లోకి దిగాలి, నిలకడ నీటిమీద చల్లితే తేలాలి. ఒక బెల్లపుముద్ద నీళ్ళలో వేస్తే ఎప్పటికో కరుగుతుంది. పొడిచేసి వేస్తే గిన్నె తిప్పేలోపల కరుగుతుంది. లోహం సంగతీ అంతే. అయితే ఇక్కడ సన్నం చేసింది వైద్యుడు కాదు, వేసుకొమ్మని అడిగింది రోగీ కాదు.

ఇక రెండో కరగడం. గాలి తిత్తులను లెక్కపెట్టి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుందంటారు. నా మట్టుకు నాకు మా ఇల్లంతా కలిపితే అంత వస్తుంది. ఆ వైశాల్యమంతా ఒక పలచని తడి పొర కప్పి ఉంటుంది. దాని అవతల జుట్టుకన్నా ఎన్నోరెట్లు పలచని గోడ, ఆ గోడకు ఆనుకునే రక్తం. ఆ తడి పొర పులుపూ కాదు, కారమూ కాదు. దాదాపు మంచినీళ్ళ స్వభావం. అందులో కొన్ని లోహాలు మాత్రమే కరుగుతాయి. కాని అక్కడ కాపలా తిరిగే భక్షక కణాలున్నాయి. దుమ్ము కనిపిస్తే మింగడమే వాటి ఉద్యోగం. మింగినదాన్ని ఒక చిన్న సంచిలో వేసి, ఆ సంచిని పులియబెడతాయి. ఎంత పులుపంటే, శాస్త్రం లెక్కలో దాని పి.హెచ్. 4.5 దగ్గర ఉంటుంది. మన ఇంట్లో పెరుగు పులుపు ఇంచుమించు అంతే!

ఈ మాట ఇంట్లో చెబుతుంటే మా అమ్మ మధ్యలో అందుకుంది: “గిది మాకెరుకలేదా? కలాయి లేని ఇత్తడి గిన్నెల పెరుగు తోడేస్తరా? పచ్చగ కిలుం పడ్తది. మా కాలంల ఏడాదికోసారి కలాయి పోసెటోడు వచ్చేటోడు.”

నాకు నోట మాట రాలేదు. వారంరోజులు నేను పుస్తకాల్లో వెతికినదాన్ని ఆవిడ గిన్నెలు తోముతూ నేర్చుకుంది. ఇత్తడి బిందెలో మంచినీళ్ళు పోస్తే ఏమీ కాదు. అదే గిన్నెలో పెరుగు పోస్తే రాగి కరిగి పచ్చగా బయటికి వస్తుంది. ఊపిరితిత్తుల్లోనూ సరిగ్గా ఇదే తేడా. బయటి తడిలో కరగని లోహం, కణం సంచిలోని పులుపులో కరుగుతుంది. శాస్త్రజ్ఞులు పరీక్షశాలలో చేసేదీ ఇదే. ఒక సీసాలో ఊపిరితిత్తుల తడిని పోలిన ద్రావణం, ఇంకొక సీసాలో కణం సంచిని పోలిన పుల్లని ద్రావణం పోస్తారు. మొదటిదాన్ని గ్యాంబుల్ అనే అమెరికా వైద్యుని పేరుతో పిలుస్తారు. రెండింటిలోనూ వెల్డింగు పొగ పొడి వేసి, ఒంటి వేడికి సమానంగా 37 డిగ్రీల దగ్గర ఉంచి, గంటలు గడిచాక వడకట్టి, ఎంత కరిగిందో కొలుస్తారు. సాధారణంగా పుల్లని సీసాలో ఎక్కువ కరుగుతుంది.

అయితే అన్ని లోహాలూ ఒకే తీరున కరగవు. మా విద్యార్థి జ్వరానికి కారణమైన జింకు ఆ పులుపులో తొందరగా కరుగుతుంది. ఒక్కసారిగా అంత జింకు మీదపడేసరికి ఆ కణాలు గగ్గోలు పెట్టి, రక్తంలోకి సంకేతాలు పంపుతాయి. అవి అందుకుని ఒళ్ళు వేడెక్కుతుంది. నోట్లో తియ్యని లోహపు రుచి, కొన్ని గంటలు పోయాక చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోవడం, ఇదీ దీని వరస. చక్కెర లేని టీ ఎందుకు తియ్యగా ఉందో ఇప్పుడు తెలిసింది గదా! ఇత్తడిలో జింకు ఉంటుంది. మన ఆదిలాబాదు వైపు ఓజులు డోక్రా బొమ్మలు పోసే ఇత్తడిలోనూ ఉంటుంది. అందుకే 1862లో గ్రీన్‌హౌ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని ఇత్తడి పోతవాళ్ళ చలిజ్వరమని వర్ణించాడు. రోజూ పొగ తగిలితే ఒళ్ళు కొంత ఓర్చుకుంటుంది. ఆదివారం సెలవు తీసుకుంటే ఆ ఓర్పు పోయి, సోమవారం మళ్ళీ జ్వరం. అందుకని దానికి సోమవారపు జ్వరమని కూడా పేరు. మా అబ్బాయి పెండ్లికి పోయివస్తే వస్తుందని చెప్పినది అక్షరాలా నిజం. జ్వరం రాకపోవడం పొగ లోపలికి పోవడం లేదనడానికి గుర్తు కాదు, ఒళ్ళు చెప్పడం మానిందనడానికి గుర్తు.

ఇనుము పద్ధతి వేరు. దాని పొడి చాలా నిదానంగా కరుగుతుంది, ఊపిరితిత్తుల్లోనే ఏళ్ళతరబడి నిలవ ఉంటుంది. 1936లో ఇంగ్లండులో డోయిగ్, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు వైద్యులు వెల్డర్ల ఎక్స్‌రేలలో మచ్చలు చూసి, అవి క్షయ కాదనీ, ఇనుప పొడి అనీ చెప్పారు. 1948లో మళ్ళీ వారే, పొగకు దూరమైన తరవాత ఆ మచ్చలు పలచబడడం గమనించి రాశారు. అంటే ఒళ్ళు ఇనుమును మెల్లమెల్లగా బయటికి సాగనంపుతుందన్నమాట. అంతమాత్రాన ఇనుము నిరపాయకరమనుకోకూడదు. వెల్డర్లకు న్యుమోనియా తేలికగా అంటుకుంటుంది. అందుకే బ్రిటనులో ఆ పనివారికి న్యుమోనియా టీకా సంగతి ఆలోచించమని ప్రభుత్వ వైద్య సూచనలలోనే ఉంది.

నన్ను ఎక్కువగా భయపెట్టింది మాంగనీసు. ఉక్కులోనూ, వెల్డింగు కడ్డీలోనూ అది ఉంటుంది. ఇనుముకన్నా తక్కువ వేడికే మరుగుతుంది గనక, కడ్డీలో ఉన్న పాలుకన్నా పొగలో దాని పాలు ఎక్కువ. మన విజయనగరం వైపు గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల నేలలో దొరికే ఖనిజమే ఇది. మనం తినే ధాన్యంలో కూడా కొద్దిగా ఉంటుంది, ఒంటికి కావలసిందే. తిన్న మాంగనీసులో పేగు కొద్ది భాగాన్నే లోపలికి రానిస్తుంది. వచ్చినదాన్ని కూడా కాలేయం పట్టుకుని పైత్యంలో కలిపి వెనక్కి పంపుతుంది. పీల్చిన మాంగనీసుకు ఈ తనిఖీ లేదు. ఊపిరితిత్తుల్లో కరిగినది కాలేయం గడప తొక్కకుండానే రక్తంలో కలిసి మెదడుదాకా పోతుంది. 1837లో గ్లాస్గోలో కూపర్ అనే వైద్యుడు, మాంగనీసు ఖనిజం నూరే కూలీలకు నడక తడబడి, మాట సన్నగిల్లి, కాళ్ళు స్వాధీనం తప్పడం చూశాడు. వెల్డర్లకు అంత మోతాదు తగలకపోవచ్చుగాని, ఏళ్ళతరబడి తగిలినవారిలో చేతుల నిలకడ, మనసు నిలకడ తగ్గడం పరిశోధకులు కనిపెట్టారు. చేతి నిలకడే అన్నం పెట్టే వృత్తిలో ఇది ఎంత మాటో ఆలోచించండి.

ఈమధ్య మెట్లకూ మేడలకూ తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగులు ఫ్యాషనయ్యాయి. దానిలో క్రోమియం, నికెలు ఉంటాయి. కడ్డీతో అతికేటప్పుడు కడ్డీ పూతలోని సోడియం, పొటాషియంతో కలిసి క్రోమియం నీళ్ళలోనే ఇట్టే కరిగే రూపం ధరిస్తుంది. ఈ రూపం మన కణాలకు కావలసిన లవణంలా కనిపించడంవల్ల కణం దానికి తలుపు తీస్తుంది. మారువేషంలో వచ్చిన రావణుడికి సీతమ్మ భిక్ష పెట్టినట్టు! లోపలికి వెళ్ళాక నిజరూపం చూపి, కణం గర్భంలోని వంశసూత్రాలనే గాయపరుస్తుంది. కొంత మూత్రంలో బయటికి పోతుంది. అందుకే వెల్డరు మూత్రం పరీక్షిస్తే ఎంత లోపలికి వెళ్ళిందో అంచనా తెలుస్తుంది. నికెలు పొడి దీనికి వ్యతిరేకం. కరగకుండా కణంలోకి వెళ్ళి, అక్కడ నిదానంగా కరుగుతూ కూర్చుంటుంది. కాబట్టి తొందరగా కరిగేది చెడ్డదనీ, కరగనిది మంచిదనీ తీర్పు చెప్పడానికి లేదు. ఒకటి దొంగలా వచ్చిపోతుంది, ఇంకొకటి అద్దెకు దిగి ఖాళీ చేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను క్యాన్సరు కలిగించేవాటి మొదటి తరగతిలో చేర్చింది.

ఇంకొక లోహం మన నగల పెట్టెలో ఉంది. కె.డి.ఎం. బంగారమని ఎంతో నమ్మకంగా కొన్నాం గదా, అందులో అతుకు వేసేది కాడ్మియంతో. అది 767 డిగ్రీలకే మరుగుతుంది. అతుకు వేసే కంసాలి దాన్ని పీల్చాలి. కరిగిన కాడ్మియం మూత్రపిండాల్లో చేరితే పదులకొద్దీ ఏళ్ళు కదలదు. ఎక్కువ పీల్చితే మొదట జింకు జ్వరంలాగే ఉండి, తగ్గవలసిన సమయానికి ఆయాసం పెరిగి, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పొగ జ్వరం రెండు రోజులకు తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా, అది అలవాటైన జ్వరమే అని ఇంట్లో పడుకోబెట్టకూడదు. ఏ పని చేశాడో, ఏ లోహం మీద చేశాడో డాక్టరుకు ముందుగా చెప్పాలి. మా అబ్బాయి ఆ రోజు చెప్పలేదు. అడగనిది ఎందుకు చెబుతాడు?

మరి మా అమ్మ చెప్పిన బెల్లం మాటేమిటి? ఆవిడ మాట కొట్టిపారేయడానికి వీల్లేదు. 1994లో లక్నోలోని విషశాస్త్ర పరిశోధన కేంద్రంవారు దుమ్ము ఎక్కించిన ఎలుకలకు బెల్లం పెట్టి చూస్తే, ఊపిరితిత్తుల్లోంచి దుమ్ము తరలడానికి అది సాయపడినట్టు కనిపించింది. అయితే అవి ఎలుకలు; ఆ దుమ్ము బొగ్గు, ఇసుకరాతి దుమ్ము. కరిగి రక్తంలో కలిసిపోయిన మాంగనీసును బెల్లం వెంటపడి పట్టుకువస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. పాలూ అరటిపండూ ఒంటికి బలమే. కాని అవి పోయే దారి వేరు, పొగ పోయే దారి వేరు. బెల్లం ముక్క చేతిలో పెట్టి, తలుపు మూసిన గదిలో పని చేయించడం మాత్రం మనల్ని మనం మోసపుచ్చుకోవడమే. ఆ పని నేనే చేశాను గనక ఇంత గట్టిగా అంటున్నాను.

చట్టం సంగతి కూడా ఒక మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తప్పనిసరిగా తెలియజేయవలసిన వృత్తివ్యాధుల జాబితాలో మాంగనీసు విషాన్ని చేర్చింది. కాని విద్యుత్తుతో నడిచే చోట కనీసం పదిమంది పనివారుంటేనే అది ఫ్యాక్టరీ అని ఆ చట్టం నిర్వచించింది. అన్నా తమ్ముడూ ఇద్దరే ఉన్న రోడ్డుపక్క దుకాణానికి ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరు రాడు. ఆ దుకాణానికి వచ్చే ఇన్స్పెక్టర్లం మనమే. గేట్లు, గ్రిల్సు, మంచాలు, కిటికీలు చేయించుకునే గృహస్థులం.

అందుకని నా అనుభవం మీద నాలుగు మాటలు. వెల్డింగు ఆరుబయట చేయించండి. వాన వస్తే పని ఆపించండి. గేటు నాలుగు రోజులు ఆలస్యమైతే పెళ్ళి ఆగిపోదు. జింకు పూత పైపు తప్పదంటే, అతికేచోట రెండువైపులా పూత తీసివేసి అతకమనండి. పొగ వంగిన మొహం మీదుగా కాక పక్కకు పోయేటట్టు చూసుకోవాలి. ఒక ఫ్యాను పక్కనుంచి తిరిగితే ఎంతో మేలు. రుమాలు ఈ పొగను ఆపదు. రుమాలు పోగుల మధ్య సందులు ఈ రేణువులకు సింహద్వారాలు. కరోనా రోజుల్లో మనమంతా కొన్న ఎన్-95 రకం మాస్కయినా మొహానికి బిగుతుగా ఉండాలి. ఫిల్టరు మార్చుకునే రకమైతే ఇంకా మంచిది. పైపు పట్టుకుని పక్కన నిలబడే చిన్నవాడికీ అది ఉండాలి. పొగకు అన్నా తమ్ముడూ తేడా తెలియదు.

ఇవన్నీ మా విద్యార్థికి చెప్పాను. ఒకప్పుడు ద్విత్వాలూ ఆదేశాలూ చెప్పినంత శ్రద్ధగా చెప్పాను. అప్పటికన్నా ఇప్పుడు శ్రద్ధగా విన్నాడు. విని, “నిజమే సార్. కాని నేను బయటనే చేస్తానంటే, పొద్దుగూకేదాక ఆగుమంటే, పక్క దుకాణం ఉన్నది గద! బేరం గటు పోతది,” అన్నాడు. దానికి నా దగ్గర వ్యాకరణం లేదు.

కాసేపు ఊరుకుని, “రెండో రెక్క నల్లపైపుతోనే చెయ్యి. వాకిట్లో చెయ్యి. నాకు తొందర లేదు,” అన్నాను. మాస్కులు రెండు కొని తెచ్చాను. తమ్ముడు నా క్లాసులోనే ఉన్నాడు. అతనికి మాస్కుతోబాటు నల్లద్దాలు కూడా కొనిచ్చి, పెట్టుకోకుండా కనిపిస్తే హాజరు వేయనని బెదిరించాను. రెండో రెక్కకు రెండు వానలు అడ్డం వచ్చి ఆరు రోజులు పట్టింది. ఈలోగా గేదెలు నాలుగోసారి కూడా వచ్చిపోయాయి. ఆశ్చర్యమేమిటంటే ఈసారి మా ఆవిడ నన్ను ఏమీ అనకపోవడమే కాదు, నిజంగానే ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు మా గేటుకు ఒక రెక్క వెండిలా తెల్లగా, ఒక రెక్క నల్లరంగుతో ఉంటుంది. వచ్చినవాళ్ళంతా, “ఇదేమిటి మేష్టారూ, డబ్బు చాలలేదా?” అని అడుగుతారు. కొందరికి కథంతా చెబుతాను. తీరికలేనివాళ్ళకు మాత్రం, తెల్లరెక్క నా తొందరకూ, నల్లరెక్క ఆ కుర్రవాడి ఊపిరికీ అని చెప్పి ఊరుకుంటాను. నల్లరెక్కకు ఏడాదికోసారి రంగు వేయాలి. వేస్తాను.